నర్సు చదివిన మన పిల్ల, మొదటి ఇంటర్వ్యూ: గిలకలదిండి సంఘం అనుభవం

(సమాఖ్య వార్షిక మహాసభలో గిలకలదిండి సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మాకన్నా ముందు మాట్లాడిన సంఘాల వాళ్ళు పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని చక్కగా లెక్కలు చెప్పారు. మా లెక్కలు కూడా ఈ పుస్తకంలో వెనక పేజీల్లో ఉన్నాయి, వీలున్నప్పుడు చూడండి. ఈరోజు మాత్రం మేము ఒక ఇంటర్వ్యూ సంగతి చెప్పడానికి వచ్చాం. ఇంటర్వ్యూకి వెళ్ళింది మా సంఘం సభ్యురాలి కూతురు. కానీ అందులో తప్పినది మేము, నేర్చుకున్నది కూడా మేమే. అందుకే ఇది సంఘం సంగతి అనుకుని చెబుతున్నాం.

మా సంఘంలో పదకొండు మందిమి. హార్బరులో చేపలు వేలంలో కొని బజారులో అమ్మేవాళ్ళు, ఎండు చేపలు చేసేవాళ్ళు, రొయ్యలు వలిచే పనికి వెళ్ళేవాళ్ళు, మగవాళ్ళ వలలు బాగు చేసేవాళ్ళు. మాలో పదో తరగతి పాసైన వాళ్ళమే పెద్ద చదువు చదివిన వాళ్ళం. మా అప్పుల రిజిస్టరులో ‘కారణం’ అనే గడి ఉంటుంది కదా, అందులో ఏళ్ళ తరబడి అవే మాటలు రాస్తూ వచ్చాం. వల, ఇంజను, ఐసు, ఇంటి రిపేరు, వైద్యం, పెళ్ళి. ‘చదువు’ అనే మాట ఆ గడిలో మొదటిసారి రాసింది ఈ పిల్ల కోసమే.

అది కూడా తేలిగ్గా రాయలేదు. పిల్ల బీఎస్సీ నర్సింగ్ నాలుగో సంవత్సరం. హాస్టలు ఫీజు, పరీక్ష ఫీజు కలిపి అరవై వేలు కావాలి. అడిగింది ఏ నెలలో? మే నెలలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరపడవల మీద వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ మా ఇళ్ళల్లో పొయ్యి వెలగడమే గొప్ప. అలాంటప్పుడు అరవై వేలు అంటే సమావేశంలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒక అక్క అంది, “పెళ్ళికైతే కళ్ళు మూసుకుని ఇస్తాం. చదువు అయ్యాక ఉద్యోగం రాకపోతే ఎవరు కడతారే?” ఆ మాట తప్పు కాదు. మేమూ మనసులో అదే అనుకుంటున్నాం. చివరికి పిల్ల తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఆ అడిగిన అక్కే పూచీ సంతకం పెట్టింది. ఇరవై నెలల వాయిదాలు రాసుకున్నాం. నెలకు అసలు మూడు వేలు, దాని మీద వడ్డీ. పిల్ల పాసయ్యేదాకా వడ్డీ మాత్రమే, ఆ తర్వాత అసలు కూడా మొదలు.

పిల్ల పాసయింది. మా వీధిలో నాలుగేళ్ళ నర్సింగ్ చదివిన మొదటి ఆడపిల్ల. పంచదార పంచాం. ఇక ఉద్యోగం రావడమే తరువాయి అనుకున్నాం.

మొదటి ఇంటర్వ్యూ విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. ముందురోజు రాత్రి మేమంతా ఆ ఇంటికి వెళ్ళి మాకు తోచింది చెప్పాం. “ధైర్యంగా ఉండు, ఏది అడిగినా వచ్చని చెప్పు, రాదని మాత్రం చెప్పకు” అని చెప్పి పంపించాం. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరకే వస్తాం.

సాయంత్రానికి పిల్ల తిరిగొచ్చింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు అడిగితే చెప్పింది. గదిలో ముగ్గురు కూర్చున్నారంట. “నీ గురించి చెప్పమ్మా” అన్నారంట. తన పేరు, నాన్న పేరు, ఊరు చెప్పి ఆగిపోయింది. తర్వాత, “వెంటిలేటరు మీదున్న పేషెంటును చూశావా?” అని అడిగారు. మేము చెప్పినట్టే, “వచ్చు మేడమ్, అన్నీ చేశాను” అంది. “అయితే అలారం మోగితే ముందు ఏం చూస్తావు?” అని రెండో ప్రశ్న వేశారు. అక్కడ దొరికిపోయింది. ఆ తర్వాత సెలైను చుక్కల లెక్క అడిగారు. అది పిల్లకి బాగా వచ్చు, కానీ అప్పటికే గొంతు పెగల్లేదు. “సరేనమ్మా, కబురు చేస్తాం” అన్నారు.

ఆ రాత్రి మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పిల్లకి అబద్ధం నేర్పి పంపింది మేమే. రేవులో బతికే మనకు ఇది తెలియని సంగతా? ఐసులో నాలుగు రోజులున్న చేపను ఈరోజు పడిందని చెప్పి అమ్మితే ఒక్కసారే అమ్ముతాం. చెవులెత్తి చూసే ఆవిడ మొప్పలు చూడగానే చెప్పేస్తుంది. ఆసుపత్రిలో కూర్చున్న వాళ్ళు కూడా మొప్పలు చూడ్డం తెలిసినవాళ్ళే. పైగా మన చేప పాడైతే కూర పోతుంది, అక్కడ రాని పని వచ్చని చెబితే మనిషి ప్రాణం పోతుంది.

అప్పుడు తీర్మానం రాసుకున్నాం. ఈ పిల్ల రెండో ఇంటర్వ్యూకి వెళ్ళేలోపు మనమే కూర్చుని తయారు చేద్దామని. ప్రభుత్వాసుపత్రిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన సిస్టరు గారు ఒకరు బందరులో ఉన్నారు. వెళ్ళి అడిగితే, “ఆదివారం మధ్యాహ్నాలు వస్తానమ్మా, టీ ఇస్తే చాలు” అన్నారు. మూడు ఆదివారాలు వలలు బాగుచేసుకునే షెడ్డులోనే పెట్టుకున్నాం. ఆవిడ చెప్పినవి మీ అందరికీ పనికొస్తాయని ఇక్కడ వరసగా చెబుతున్నాం. మీ ఇళ్ళల్లో ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న పిల్లలుంటే ఈ పేజీలు వాళ్ళకి ఇవ్వండి.

మొదటి ఆదివారం కాగితాల మీదే గడిచింది. పదో తరగతి సర్టిఫికెట్, ఇంటర్, నాలుగు సంవత్సరాల మార్కుల లిస్టులు, ప్రొవిజనల్ లేదా డిగ్రీ, ఆసుపత్రుల్లో పోస్టింగులు చేసిన సర్టిఫికెట్లు, ఆధార్, ఫొటోలు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. చదువు పాసైనంత మాత్రాన నర్సు కాదు, కౌన్సిల్లో పేరు నమోదైతేనే నర్సుగా పని చేయాలి. మా పిల్ల ‘ఉద్యోగం వచ్చాక చేయించుకుందాం’ అనుకుంది. సిస్టరు గారు తలకొట్టుకున్నారు. “లైసెన్సు లేకుండా బండి ఎక్కినట్టు” అన్నారు. మర్నాడే ఆ పని మొదలుపెట్టించాం.

ఇంకో సంగతి. పిల్ల పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్లో ఒక్క అక్షరమే ఉంది. ఇలాంటి తేడాలు మన పిల్లల్లో సగం మందికి ఉంటాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు, పీఎఫ్ ఖాతా తెరిచేటప్పుడు, పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు ఇక్కడే ఆగిపోతారు. చదువు అయ్యేలోపే సరిచేయించుకోవాలి.

ఒరిజినల్స్ ఒక ఫైలులో, జెరాక్సులు రెండు సెట్లు వేరే ఫైలులో పెట్టమన్నారు. ఒరిజినల్స్ చూపించాలి, సరిపోల్చుకోనివ్వాలి, మళ్ళీ చేతిలోకి తీసుకోవాలి. ఎవరి దగ్గరా వదిలి రాకూడదు. ఈ మాట మాకు తర్వాత ఎంత అక్కరకొచ్చిందో చెబుతాం.

బయోడేటా ఒక్క పేజీ చాలన్నారు. అందులో ‘హాబీలు’ రాయక్కర్లేదు, ఏ వార్డులో ఎన్ని వారాలు పోస్టింగు చేసిందో రాయాలి. మెడికల్, సర్జికల్, పిల్లల వార్డు, కాన్పుల గది, ఐసీయూ, కమ్యూనిటీ పోస్టింగు. అడిగేది వాటి మీదే కాబట్టి.

బట్టల సంగతి అడిగాం. ఇస్త్రీ చేసిన మామూలు చుడీదార్ లేదా చీర చాలు. జుట్టు కట్టుకోవాలి, గోళ్ళు కత్తిరించుకోవాలి, గాజులు, ఉంగరాలు వద్దు. నర్సు చేతుల్ని ముందు చూస్తారంట.

రెండో ఆదివారం ప్రశ్నలు. షెడ్డులో ఒక బల్ల వేసి అవతల ముగ్గురం కూర్చున్నాం. మా సంఘంలో అందరికన్నా పెద్దావిడ, సంతకం కూడా రాదు, వేలిముద్రే వేస్తుంది. ఆవిడని సూపరింటెండెంటును చేశాం. కళ్ళజోడు పెట్టుకుని, “ఏమ్మాయ్, నువ్వెవరు? ఎందుకొచ్చావు?” అంది. అందరం నవ్వాం. కానీ సిస్టరు గారు నవ్వలేదు. “సరిగ్గా ఈ రెండు ప్రశ్నలే అడుగుతారమ్మా, మాటలే మారతాయి” అన్నారు.

మొదటి ప్రశ్నకి పిల్ల ఏం చెప్పాలో కలిసి తయారు చేశాం. పేరు, ఊరు ఒక్క వాక్యం. ఏ చదువు, ఏ సంవత్సరం పాసయ్యావో ఒక వాక్యం. ఏయే వార్డుల్లో పనిచేశావో రెండు వాక్యాలు. నీకు బాగా వచ్చిన పని ఒకటి, ఇంకా నేర్చుకోవాల్సింది ఒకటి. నిమిషంన్నరలో అయిపోవాలి. ముప్పైసార్లు చెప్పించాం. తెలుగులో తడబడకుండా వచ్చాక ఇంగ్లీషులో చెప్పించాం. ఇంగ్లీషులో తప్పులు వస్తే ఫర్వాలేదని, మధ్యలో ఆగిపోకూడదని సిస్టరు గారు అన్నారు.

రెండో ప్రశ్న, నర్సు ఎందుకు అయ్యావని. “ప్రజలకు సేవ చేయాలని” అంది పిల్ల. పెద్దావిడ వెంటనే, “అందరూ ఆ మాటే అంటారు. నువ్వు ఎందుకయ్యావో చెప్పవే” అంది. కాసేపు తల దించుకుని, అప్పుడు చెప్పింది. తను ఎనిమిదో తరగతిలో ఉండగా వాళ్ళ నాన్న చేతిలో జెల్ల ముల్లు దిగింది. మనవాళ్ళు పసుపు పెట్టి వేటకి వెళ్ళిపోతారు కదా. నాలుగు రోజులకి చెయ్యి మోచేతిదాకా వాచింది. షుగరు ఉన్న సంగతి అప్పుడే బయటపడింది. ఆసుపత్రిలో ఒక సిస్టరు రోజూ చీము తీసి కట్టు కట్టేది. వేళ్ళు తీసేయకుండా చెయ్యి నిలబడింది. “ఆ సిస్టరు నాన్నని ఒక్కరోజు కూడా విసుక్కోలేదు పిన్నీ. కట్టు విప్పేముందు, ఇప్పుడు నొప్పి ఉంటది అని చెప్పేది” అంది. షెడ్డులో ఎవరం మాట్లాడలేదు. తండ్రి చెయ్యి సంగతి మా అందరికీ తెలుసు, కానీ పిల్ల నర్సయింది అందుకని ఎవరికీ తెలియదు. “ఇదే చెప్పు” అన్నారు సిస్టరు గారు.

తర్వాత సబ్జెక్టు. ఇవి మేము కూడా బట్టీ పట్టాం, అడగాలంటే మాకు జవాబు తెలియాలి కదా. పెద్దవాళ్ళకి నాడి నిమిషానికి 60 నుంచి 100. ఊపిరి 12 నుంచి 20. ఒంటి వేడి 98.6 ఫారన్‌హీటు దగ్గర. బీపీ 120/80 దగ్గర. ఆక్సిజన్ 95 పైన. గుండె ఆగితే 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు ఊపిరి ఇవ్వాలి, నొక్కడం నిమిషానికి 100 నుంచి 120 వేగంతో.

మందు ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి వేళ్ళ మీద చెప్పించాం. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన వేళ. ఇచ్చాక రాయడం. ‘దారి’ అంటే నోటి ద్వారానా, కండకా, నరానికా అని.

సెలైను లెక్క. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో ఎక్కాలి, మిల్లీలీటరుకి 20 చుక్కలు పడే సెట్టు. 500ని 20తో గుణిస్తే 10,000 చుక్కలు. 4 గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి దాదాపు 42. మా సంఘంలో వేలం పాడే అక్క కాగితం లేకుండా మొదటిసారే చెప్పేసింది. “బుట్ట రేటుని కిలోలోకి మార్చడం లాంటిదేగా” అంది. పిల్లకి ఆరోజు బెరుకు సగం పోయింది.

చెత్త డబ్బాల రంగులు తప్పకుండా అడుగుతారంట. 2016 నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపులో. సెలైను గొట్టాలు, గ్లౌజులు లాంటివి ఎరుపులో. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలో. గాజు సీసాలు నీలంలో. వాడిన సూది తనకే గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీళ్ళతో కడగాలి, పిండకూడదు, వెంటనే పై వాళ్ళకి చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా వాడే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. ఇది విన్నాక పిల్ల తల్లి భయపడింది. భయపడి దాచేవాళ్ళకే ప్రమాదం, చెప్పేవాళ్ళకి మందు ఉందని సిస్టరు గారు నచ్చజెప్పారు.

ఆ తర్వాత ‘ఇలా జరిగితే ఏం చేస్తావు’ అనే ప్రశ్నలు. ఇవే అన్నిటికన్నా కష్టం. ఒకేసారి ఇద్దరు పిలిస్తే ఎవరి దగ్గరకి వెళ్తావు? ఊపిరి ఆడని వాళ్ళ దగ్గరకి ముందు, రెండో వాళ్ళ దగ్గరకి తోటి సిస్టరును పంపాలి. డాక్టరు ఫోనులో మందు చెబితే? విన్నది రాసుకుని తిరిగి చదివి వినిపించాలి, వచ్చాక సంతకం తీసుకోవాలి. పేషెంటు బంధువులు అరుస్తుంటే? మేము ముగ్గురం నిజంగానే అరిచాం. రేవులో వాళ్ళం, అరవడం మాకు నేర్పక్కర్లేదు. పిల్ల గొంతు పెంచకుండా, “కూర్చోండి అత్తా, డాక్టరు గారికి ఫోను చేశాను, ఇప్పటిదాకా ఏం చేశామో చెబుతాను” అంది. ఆ ఒక్క మాటతో మాకే కోపం తగ్గింది.

ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చేశావు, ఎవరూ చూడలేదు. ఏం చేస్తావు? పిల్ల చాలాసేపు ఆలోచించింది. సిస్టరు గారు జవాబు చెప్పారు. ముందు పేషెంటును చూడాలి, నాడి, బీపీ చూడాలి. వెంటనే డాక్టరుకి, ఇన్‌ఛార్జికి చెప్పాలి. జరిగింది జరిగినట్టు రాయాలి. “ఈ ప్రశ్న మందు గురించి కాదు, నిన్ను రాత్రి పూట వార్డులో ఒంటరిగా వదిలి నమ్మొచ్చా అని” అన్నారు.

అక్కడ మేము మా తప్పు ఒప్పుకున్నాం. రానిది వచ్చని చెప్పమన్నది మేమేనని. అప్పుడు ఆవిడ ఒక మాట నేర్పారు. “ఇది పోస్టింగులో చూశాను. ఒంటరిగా చేయలేదు. సీనియర్ సిస్టరు పక్కన ఉండి చూపిస్తే నేర్చుకుంటాను.” కొత్తగా పాసైన పిల్లకి అన్నీ రావని అడిగేవాళ్ళకి తెలుసు. ఏది వచ్చో ఏది రాదో తెలిసిన పిల్ల కావాలి వాళ్ళకి. ఆ వాక్యం మేము షెడ్డు గోడ మీద సుద్దతో రాశాం.

మూడో ఆదివారం పిల్ల తిరిగి అడగాల్సినవి. మన ఆడపిల్లలు ఇంటర్వ్యూలో అడగడానికి సిగ్గుపడతారు. జీతం ఎంత, చేతికి ఎంత వస్తుంది, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, డ్యూటీ ఎన్ని గంటలు, నెలకి ఎన్ని రాత్రులు, వారానికి సెలవు ఉందా, హాస్టలు ఉందా, రాత్రి డ్యూటీకి బండి పంపిస్తారా, ఎంతకాలం చేయాలని బాండు ఉందా. ఇవన్నీ అడగవచ్చు. అడిగితే ఉద్యోగం పోదు.

ఇక్కడ మనందరికీ తెలియాల్సిన సంగతులు రెండు ఉన్నాయి. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతాలు మరీ తక్కువని సుప్రీంకోర్టు దాకా వెళితే, కోర్టు చెప్పిన మీదట కేంద్ర ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకి 20,000కి తగ్గకూడదని, 200 పడకలు దాటిన చోట ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని 2016లో ఆ కమిటీ సిఫారసు చేసింది. సిఫారసు వేరు, చేతికి వచ్చేది వేరు. అయినా మన పిల్లకి తన పని విలువ ఎంతో తెలిసి ఉండాలి. రెండోది, 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి కమిటీ ఉండాలి. అందులో ఎవరున్నారో చేరిన వారంలోనే తెలుసుకోమని చెప్పాం.

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే వాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వొద్దని కూడా చెప్పాం. గల్ఫులో నర్సు ఉద్యోగాలంటూ మన ఊళ్ళల్లో తిరిగే ఏజెంట్లు ఉన్నారు. విదేశాలకి వెళ్ళాలనుకుంటే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది, ముందు అక్కడ కనుక్కోవాలి.

ఇక రెండో ఇంటర్వ్యూ. పిల్ల అన్నిటికీ చక్కగా చెప్పింది. వెంటిలేటరు అడిగితే గోడ మీద రాసిన వాక్యమే చెప్పింది. తీసుకుంటామన్నారు. అయితే ఒరిజినల్ సర్టిఫికెట్లు రెండేళ్ళు తమ దగ్గరే ఉంచాలన్నారు. పిల్ల, “జెరాక్సులు ఇస్తాను సార్, ఒరిజినల్స్ ఇవ్వలేను” అంది. “అయితే ఆలోచించుకుని రండి” అన్నారు. పిల్ల ఇంటికి వచ్చేసింది.

ఆ వారం సమావేశం ఎలా జరిగిందో దాచకుండా చెబుతున్నాం. పూచీ పెట్టిన అక్క లేచి, “వచ్చిన ఉద్యోగం కాలితో తన్నుకుంది. కాగితాలు వాళ్ళ బీరువాలో ఉంటే ఏమవుద్ది? వాయిదా మీరు కడతారా?” అంది. ఆవిడకి అప్పుడు ఇంట్లో ఇబ్బంది. పడవ ఇంజను పాడై పదిరోజులుగా వేట లేదు. ఆ కోపం న్యాయమైనదే. మాలో సగం మంది ఆవిడ వైపే ఉన్నారు. పిల్ల తల్లి, “సంబంధం ఒకటి వచ్చింది, చేసేస్తే గొడవ పోద్ది” అంది. పిల్ల మూలన కూర్చుని వింటోంది.

మేము ఒక్కటే అడిగాం. మన పడవ కాగితాలు ఎవరైనా రెండేళ్ళు తమ దగ్గర పెట్టుకుంటామంటే ఇస్తామా? రేపు జీతం ఇవ్వకపోయినా, రాత్రుళ్ళు ఇబ్బంది పెట్టినా, ప్రభుత్వ నోటిఫికేషన్ వచ్చినా ఆ పిల్ల కదలగలదా? కాగితాలు పోతే పిల్ల పోయినట్టే. రాత్రి పదింటిదాకా వాదించుకుని చివరికి తీర్మానం రాశాం. మూడు నెలలు అసలు వాయిదా ఆపి వడ్డీ మాత్రమే కట్టించుకోవాలి, పూచీ పెట్టిన అక్క మీద ఆ మూడు నెలలు ఒత్తిడి పెట్టకూడదు. పదిమంది సంతకాలు పెట్టారు, పెద్దావిడ వేలిముద్ర వేసింది. ఆ అక్క కూడా చివరలో పెట్టింది, ఒక్క మాట మాట్లాడకుండా.

మూడో ఇంటర్వ్యూ ఏడు వారాల తర్వాత వచ్చింది. ఆ ఏడు వారాలూ మాకు చాలా పొడుగ్గా గడిచాయి. బస్సు చార్జీలకి సంఘం నుంచే ఐదు వందలు ఇచ్చాం. తోడు ఎవరు వెళ్ళారనుకున్నారు? పూచీ పెట్టిన అక్కే. ఆసుపత్రి బయట మూడు గంటలు కూర్చుంది.

నర్సు ఎందుకయ్యావని అడిగితే పిల్ల జెల్ల ముల్లు సంగతి చెప్పిందంట. ఎదురుగా ఉన్న నర్సింగ్ సూపరింటెండెంట్ గారు తనకి కూడా షుగరు పుండ్ల వార్డు మీదే ఇష్టమని, పది నిమిషాలు కట్టు కట్టడం గురించే అడిగారంట. జీతం పదిహేను వేలు, హాస్టలు, పీఎఫ్ ఉన్నాయి. పిల్ల అడిగింది, “ఇరవై వేలు ఎప్పటికి అవుతుంది మేడమ్?” అని. ఆరు నెలల తర్వాత పని చూసి పెంచుతామన్నారు. ఆ మాట ఉద్యోగ పత్రంలో రాయమంది. రాసిచ్చారు. ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చేశారు. అంటే అందరూ అట్టిపెట్టుకోరు, అడిగి చూస్తేనే తెలుస్తుంది.

జీతం కోరినంత కాదు. మొదటి నెలలో రాత్రి డ్యూటీలకి అలిసిపోయి ఫోనులో ఏడ్చింది కూడా. ఇంకా అప్పు సగం పైనే ఉంది. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు చెబుతున్నాం. కానీ ఐదో తారీఖు వచ్చేసరికి వాయిదా డబ్బు తల్లి ఫోనుకి వస్తోంది. సంబంధం మాట ఇప్పుడు పిల్ల ఇష్టం మీద ఉంది.

అక్కచెల్లెళ్ళారా, మన బందరుకి వైద్యం కొత్త కాదు, బ్యాంకు కొత్త కాదు. ఇక్కడ డాక్టరుగా పనిచేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారే 1923లో ఈ ఊళ్ళో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 2023లో మనకి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. 1977 నవంబరు 19 ఉప్పెన రోజులు చూసిన పెద్దవాళ్ళు మన మధ్యే ఉన్నారు, దివిసీమలో వేలమంది పోయిన రాత్రి అది. ఇలాంటి తీరంలో గాయం కట్టడం తెలిసిన ఆడపిల్ల వీధికి ఒక్కతైనా ఉండాలి కదా. పెద్ద భవనాలు కట్టేది ప్రభుత్వం. అందులో తెల్లబట్టలు వేసుకుని నడిచే పిల్లల్ని తయారు చేయాల్సింది మన ఇళ్ళు.

అందుకే సమాఖ్య ముందు మా సంఘం నాలుగు కోరికలు పెడుతోంది. ఒకటి, ప్రతి సంఘంలో నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసీ లాంటివి చదువుతున్న పిల్లల పేర్లు రాసి సమాఖ్య దగ్గర ఉంచాలి. రెండు, చివరి సంవత్సరంలోనే వాళ్ళ కాగితాలు, పేర్లలో తేడాలు సరిచూడాలి. మూడు, రిటైరైన సిస్టర్లని పిలిచి ఏడాదికి రెండుసార్లు ఇలాంటి ఇంటర్వ్యూ సాధన పెట్టాలి. షెడ్డు మేము ఇస్తాం, టీ మేము ఇస్తాం. నాలుగు, చదువు అప్పుకి ఉద్యోగం వచ్చేదాకా మూడు నెలల గడువు అన్ని సంఘాల్లోనూ రాయాలి. ఆ గడువు లేకపోతే మా పిల్ల ఆ రోజు ఒరిజినల్స్ ఇచ్చేసి ఉండేది.

మా రిజిస్టరులో ‘కారణం’ గడిలో ఇప్పుడు ‘చదువు’ అని మూడు చోట్ల ఉంది. మూడోది, ఉద్యోగం రాకపోతే ఎవరు కడతారని మొదట అడిగిన ఆ అక్క తన చిన్నకూతురి జీఎన్ఎం కోసం తీసుకున్నది. దానికి పూచీ సంతకం పెట్టింది ఎవరో మీకు చెప్పక్కర్లేదు, మన నర్సు పిల్ల తల్లి.

గోడ మీద సుద్దతో రాసిన వాక్యం వానకి కొంచెం చెరిగింది. ఈ ఆదివారం మళ్ళీ రాస్తున్నాం. వీలున్నవాళ్ళు పిల్లల్ని తీసుకుని రండి. హార్బరు గేటు దాటగానే ఎడమ పక్క షెడ్డు, ఎవరిని అడిగినా చూపిస్తారు.